కోళ్లకు పరిహారం, కూలీకి కోత

బర్డ్‌ఫ్లూ వార్త వచ్చిన ప్రతిసారీ ప్రశ్నలు ఒకే వరుసలో వస్తాయి. ఎన్ని కోళ్లను చంపారు, గుడ్డు ధర ఎంత పెరిగింది, చికెన్ తినవచ్చా లేదా. ఆ కోళ్లను కాళ్లు పట్టి లాగి చంపిన మనిషి ఎలా ఉన్నాడని అడిగేవారు అరుదు. బాగా ఉడికించి తింటే భయం లేదంటారు, నిజమే. అయితే అది తినేవాడికి దక్కే భరోసా. కోసేవాడికి, పితికేవాడికి, పేగులు కడిగేవాడికి దానితో ఒరిగేదేమీ లేదు. వాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు అది ఇంకా పచ్చి నెత్తురు, పచ్చి పాలు.

2024 మార్చిలో అమెరికా పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 అనే బర్డ్‌ఫ్లూ వైరస్ బయటపడింది. కొద్ది రోజులకే టెక్సస్‌లో ఒక డెయిరీ కార్మికుడికి సోకినట్టు తేలింది. అతనిలో కనిపించిన లక్షణం కళ్ల కలక ఒక్కటే. కళ్లకే ఎందుకు? పెద్ద డెయిరీల్లో పాలు పితికే చోటును గమనిస్తే జవాబు దొరుకుతుంది. కార్మికుడు పల్లంలో నిలబడతాడు, ఆవులు అతనికి ఇరువైపులా ఎత్తున నిలుస్తాయి. పొదుగు దాదాపు ముఖానికి ఎదురుగా ఉంటుంది. యంత్రం తగిలించే ముందు చేత్తో నాలుగు ధారలు పిండి చూడాలి. ఆవు కాలు విదిలిస్తే ఆ పాలు నేరుగా కళ్లలో చిందుతాయి. పని ముగిశాక పైపు నీళ్లతో నేల కడుగుతుంటే తుంపరలు లేస్తాయి. ఆవులో ఈ వైరస్ విపరీతంగా పెరిగేది పొదుగులోనే. అదే ఏడాది నవంబరులో మిషిగన్, కొలరాడో రాష్ట్రాల్లో 115 మంది డెయిరీ కార్మికుల రక్తపరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. ఎనిమిది మందిలో యాంటీబాడీలు, అంటే వైరస్ సోకి వెళ్లిందని చెప్పే గుర్తులు, కనిపించాయి. ఎనిమిది మందీ పాలు పితికినవాళ్లో, పితికే చోటు కడిగినవాళ్లో. వారిలో సగం మందికి జబ్బు పడినట్టే గుర్తు లేదు. అంటే అధికారిక లెక్కకు చిక్కకుండా పోయిన కేసులు ఉన్నాయన్న మాటే.

ఇది కొత్త కథ కాదు. 1998-99లో మలేసియాలో నిపా వైరస్ విరుచుకుపడినప్పుడు అధికారులు మొదట దాన్ని జపనీస్ మెదడువాపు అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. కానీ ఆ మెదడువాపు ఎక్కువగా పిల్లలకు వచ్చేది. ఇక్కడ మంచం పట్టినవారిలో అధికులు పందుల ఫారాల్లో పనిచేసే పెద్దవాళ్లు. రోగి వృత్తే రోగాన్ని పట్టి చూపుతోంది, దాన్ని పట్టించుకోవడానికే నెలలు పట్టింది. 265 మందికి మెదడువాపు వస్తే 105 మంది చనిపోయారు. మలేసియా నుంచి వచ్చిన పందులను కోసిన సింగపూర్ కబేళా కార్మికుల్లో 11 మందికి సోకింది, ఒకరు మరణించారు. క్రిమియన్-కాంగో జ్వరం మరీ మోసకారి. పిడుదుల నుంచి వైరస్ సోకిన పశువు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, కోసినప్పుడు మాత్రం నెత్తురులో అది సిద్ధంగా ఉంటుంది. కబేళాలో ఇచ్చే ఇనుప అల్లిక తొడుగు కత్తి వేటును ఆపుతుంది, నెత్తురును ఆపదు.

మాస్కులు, కళ్లద్దాలు ఇచ్చినా కార్మికులే పెట్టుకోరని యజమానులు అంటారు. వచ్చే జబ్బు కూడా చాలావరకు తేలికపాటిదేనని వాదిస్తారు. 2024 జులైలో కొలరాడో కోళ్ల షెడ్లలో జరిగింది చూడండి. లోపల ఎండ వేడి 40 డిగ్రీలు దాటింది, భారీ ఫ్యాన్లు ఈకలనూ దుమ్మునూ ఎగరగొడుతున్నాయి, కళ్లద్దాలు ముఖం మీద నిలవలేదు. అలాంటి చోట కోళ్లను చంపిన కార్మికులకు వైరస్ సోకింది. అది నిర్లక్ష్యం కాదు, పని అమరికలోని లోపం. ఇక తేలికపాటి జబ్బన్న మాటకు 2003లో నెదర్లాండ్స్ జవాబిచ్చింది. అక్కడ హెచ్7ఎన్7 అనే మరో రకం బర్డ్‌ఫ్లూ సోకిన 89 మందిలో అత్యధికులకు కళ్ల కలకే వచ్చింది, ఒక పశువైద్యుడు మాత్రం ప్రాణం కోల్పోయారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా మండించేది డబ్బు లెక్క. అమెరికాలో చంపిన కోళ్లకు యజమానికి పరిహారం ఉంది. జబ్బు ఆవులు పాలు తగ్గిస్తే ఆ నష్టానికీ 2024లో పరిహారం ప్రకటించారు. కార్మికుడికి? అదే ఏడాది రక్తం, ముక్కు నమూనా ఇస్తే 75 డాలర్లు ఇస్తామన్నారు. పరీక్షలో వైరస్ ఉందని తేలి ఇంట్లో కూర్చుంటే ఆ రోజుల కూలి గ్యారంటీ లేదు, ఎందుకంటే జబ్బు సెలవుకు జీతం ఇచ్చి తీరాలన్న జాతీయ చట్టమే అక్కడ లేదు. పైగా చాలామంది వలస వచ్చినవారు, కాగితాలు లేనివారు. అలాంటి మనిషి ఎర్రబడ్డ కళ్లతో ఆస్పత్రికి వెళతాడా, నీళ్లు చల్లుకుని మళ్లీ పనిలోకి దిగుతాడా? వైరస్ మనిషికి అలవాటు పడే తొలి అవకాశం ఆ దాచుకున్న కళ్ల కలకలోనే ఉంది. అందుకే జీతంతో కూడిన సెలవును నేను దయగా చూడను. అది వైద్య నిఘాలో మొదటి పరికరం, ఏ ప్రయోగశాల కంటే ముందుగా పనిచేసేది. చవక మాంసం, చవక పాలు అని మనం మురిసిపోయే ధరలో ఈ సెలవు ఖర్చు ఎన్నడూ కలపలేదు, దాన్ని ఒక కూలీ తన ఒంటితో చెల్లిస్తున్నాడు.

దారి తెలియక కాదు. 2024లో ఫిన్లాండ్ పది వేల మందికి సరిపడా బర్డ్‌ఫ్లూ టీకాలు కొని కోళ్ల ఫారాల్లో, బొచ్చు జంతువుల ఫారాల్లో పనిచేసేవారికి, పశువైద్యులకు అందించడానికి ముందుకొచ్చింది. పని ప్రదేశాల్లో సూక్ష్మజీవుల ముప్పుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2025 జూన్‌లో తొలి ఒప్పందాన్ని ఆమోదించింది. సంతకాలు, చట్టాలు అయ్యేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. పశువులకు, కోళ్లకు పరిహారమిచ్చే ప్రతి ప్రభుత్వమూ ఆ దరఖాస్తులోనే అక్కడ పనిచేసిన కార్మికుల సంఖ్య, పరీక్షల వివరాలు, చెల్లించిన సెలవు రోజుల కూలి రాయమనాలి. ఆ గడి ఖాళీగా ఉంటే కోళ్ల పరిహారం ఆపేయాలి.