భోజనాలకు దారి ఎటు?

కట్టడానికి బోర్డులు పెట్టించేవారికి అందులోని మూలమూలా ముందే తెలిసి ఉంటుంది. వాటిని చదివేవారు మాత్రం అక్కడ మొదటిసారి అడుగుపెట్టి, ఆకలి మీదో అవసరం మీదో ఉంటారు. ఈ ఇద్దరికీ ఎన్నడూ ముఖపరిచయం జరగదు గనుక బోర్డు అందంగా ఉందా అని చూసేవారే గాని, దారి చూపుతుందా అని చూసేవారు ఉండరు. మా చిన్నాయన కూతురి పెళ్లిలో, నెల్లూరులో కొత్తగా కట్టిన ఒక ఏసీ కల్యాణ మండపంలో, ఈ సంగతి బంధుమిత్రుల సమక్షంలో రుజువైంది.

ఆ మండపం బోర్డులను కాస్త వర్ణించక తప్పదు. మీగడ రంగు పాలరాతి గోడ మీద బంగారు రంగు లోహపు అక్షరాలు, అవి కూడా సేమ్యా పోగులంత సన్నగా అతికించి ఉన్నాయి. పైన ఇంగ్లీషు, దాని కింద అంతే వెడల్పు పట్టీలో తెలుగు. మన అక్షరానికి నెత్తిన తలకట్టో గుడియో, కాళ్ల దగ్గర వత్తో ఉంటాయి గనుక దానికి మూడంతస్తుల చోటు కావాలి. ఇంగ్లీషుకు కొలిచిన పట్టీలో ఇరికిస్తే నడిమి సున్నాలు మాత్రమే కనిపిస్తాయి. రైల్వేవారికి ఈ షోకు లేదు. పసుపు పలక మీద నల్లగా, లావుగా మూడు భాషల్లో రాస్తారు కాబట్టి, కదులుతున్న రైలులో సగం నిద్రలో ఉన్నవాడు కూడా వచ్చింది వేదాయపాళెమో నెల్లూరో చెప్పగలడు.

తలంబ్రాలు ముగిసేసరికి మధ్యాహ్నం అయింది. హాలు బయట, మేడమెట్లకు ఆనుకొని ఉన్న గోడ మీద ‘భోజనశాల’ అని రాసి, పక్కనే పైకి చూపే బాణం ఒకటి వేసి ఉంది. నిజానికి భోజనశాల అదే అంతస్తులో, నేరుగా నడిస్తే అద్దాల తలుపు అవతల ఉంది. అయితే బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చిన మా మేనత్త బాణాన్ని ఒకసారి, మెట్లను ఒకసారి చూసి, మోకాళ్లను తలుచుకొని నిట్టూర్చి ఎక్కడం ప్రారంభించింది. ఆమె వెనుక ఆమె ఊరివారు, వారి వెనుక మాకు ఏమవుతారో ఇప్పటికీ తేలని మరికొందరు ఎక్కారు. మొదటి అంతస్తులో గదులకు తాళాలు ఉన్నాయి, రెండో అంతస్తులో పరుపులు పేర్చి ఉన్నాయి. ఆపైన డాబా, డాబా మీద నీళ్ల ట్యాంకు, వైశాఖమాసపు ఎండ ఉన్నాయి.

ముందు వెళ్లినవారు తిరిగి రాకపోవడంతో పైన వడ్డన జోరుగా సాగుతున్నదని కిందివారు నిశ్చయించుకొన్నారు. చివరకు చెమటలు కక్కుతూ, ముఖాలు తుడుచుకొంటూ దిగివస్తున్నవారిని చూసి, కారం బాగానే పడినట్టుందని ఎక్కేవారు సంతోషించారు. దిగేవారిలో ఒక్కరు కూడా పైన ఏమీ లేదని చెప్పకపోవడం నాకు వింతగా తోచింది గాని, మూడంతస్తులు ఎక్కి మోసపోయిన మనిషి ఆ అనుభవాన్ని ఒంటరిగా దాచుకోవడానికి ఇష్టపడడేమో.

మగపెళ్లివారిది మరో కథ. ఒంగోలు నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనమామ ఈ బాణాన్ని నమ్మలేదు. ఆయన దృష్టి హాలు చివర వెలుగుతున్న ఆకుపచ్చ పలక మీద పడింది. అందులో ఒక తెల్లని మనిషి తలుపు వైపు పరుగెత్తుతున్నాడు. జపానులో రూపుదిద్దుకొని అంతర్జాతీయ ప్రమాణంగా నిలిచిన ఆ బొమ్మ, నిప్పంటుకొన్నప్పుడు బయటపడవలసిన దారిని సూచిస్తుంది. పెళ్లిలో మధ్యాహ్నం వేళ ఒక మనిషి తలుపు వైపు అంత ఆత్రంగా పరుగెత్తుతున్నాడంటే మొదటి బంతి కోసమే అయి ఉండాలని మేనమామగారు భావించారు. ఆ భావనలో తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ ఏమీ దొరకలేదు. ఆయన తన పరివారంతో ఆ తలుపు తోసుకొని వెళ్లగా, అటువైపు జనరేటరు కనిపించింది. అలాంటి తలుపులు లోపలినుంచి తోస్తే తెరుచుకొంటాయే గాని బయటినుంచి తెరుచుకోవు. పాపం, వారు ప్రహరీ చుట్టూ తిరిగి వీధి గుమ్మానికి రావలసి వచ్చింది. అక్కడ పన్నీరు బుడ్డితో నిలబడిన మా పిల్లలు, ఎవరో కొత్త బృందం వచ్చిందనుకొని, వారికి మళ్లీ గంధం పూసి, పన్నీరు చల్లి, పటికబెల్లం చేతిలో పెట్టి లోపలికి పంపారు.

ఈలోగా చిన్నాయన కంటపడిన మేనల్లుడు, కంప్యూటరు ఉద్యోగి, బాణాన్ని సమర్థించబోయాడు.

“పదహారో నంబరు హైవే మీద ఆకుపచ్చ బోర్డుల్లో కూడా పైకి బాణం ఉంటే నేరుగా పొమ్మనే అర్థం, మామయ్యా.”

“హైవే మీద ఆకాశంలోకి పోయే దారి లేదు గాబట్టి అక్కడ చెల్లింది అబ్బయా. మెట్ల పక్కన పెట్టి పైకి చూపిస్తే మనిషనేవాడు ఎక్కడా?”

ఈ వాదం తెగేలోపు చిన్నాయన స్నేహితుడు, ఫ్లెక్సీలు రాకముందు ట్రంకు రోడ్డులో దుకాణాల బోర్డులు రాసిన పెద్దాయన, వంటవారి కట్టెల పొయ్యి నుంచి చల్లారిన బొగ్గులు తెప్పించాడు. పూలు కట్టే దారానికి బొగ్గుపొడి రాసి, చెరో కొస ఇద్దరు కుర్రవాళ్ల చేత పట్టించి, మధ్యలో లాగి వదిలేసరికి పాలరాతి పక్కనున్న తెల్లగోడ మీద తిన్నని గీత పడింది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం చాలునని, ఆకలితో ఉన్నవాడికైతే మరో రెండంగుళాలు కలపాలని చెబుతూ, చూస్తుండగానే ‘భోజనాలు ఇటు’ అని రాశాడు. బాణానికి బదులు చెయ్యి వేయబోతే అది ఒక పార్టీ గుర్తని ఎవరో అభ్యంతరం చెప్పినందువల్ల, చూపుడువేలు ఒక్కటే వేసి సరిపెట్టాడు. చివర మూలన తన సంతకం పెట్టడం మాత్రం మరిచిపోలేదు. ఆ తరువాత ఎవరూ మెట్లెక్కలేదు. మలైకాజాలు రెండో బంతికే అయిపోయాయి.

గోడ పాడుచేసినందుకు మండపం మేనేజరు మా అడ్వాన్సులో రెండు వేలు కోసుకొన్నాడు. కొన్ని వారాల తరువాత మరో రిసెప్షనుకు నేనూ చిన్నాయనా అక్కడికే వెళ్లినప్పుడు, ఆ బొగ్గురాత చెరిగిపోకుండా దాని మీద అద్దం బిగించి ఉంది. చిన్నాయన వెంటనే తన రెండు వేలు తిరిగి అడగాలని బయలుదేరాడు గాని, మేనేజరు గది ఎటో చెప్పే బోర్డు ఆ మండపంలో ఎక్కడా లేదు.