కురిసే ఇంట్లో గిన్నెది తప్పా?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది అదే ఫార్వర్డు. పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే, అందుకే గట్టిగా కసురుకోలేను. "గుండె చుట్టూ నీరు చేరిందా? భయం వద్దు" అంటూ ఐదు సూత్రాలు.

మంచినీళ్లు తాగడం తగ్గించాలట. తాగిన నీళ్లు నేరుగా గుండె పొరలోకి పోవు. రెండోది ఎడమ అరచేతి మర్దన, దాని గురించి నేనేమీ రాయను.

అసలు మంట మూడోదాని మీద: "సూదితో నీరు తీయించకండి, తీసేకొద్దీ ఊరుతుంది. నీటి మాత్రలు చాలు." మనుషుల్ని చంపే మాట ఇది. గుండెను చుట్టి ఉండే పొరల మధ్య మామూలుగా ఉండే నీరు 15 నుంచి 50 మిల్లీలీటర్లు. నెలల తరబడి మెల్లగా చేరితే లీటరు దాకా పొర సాగి ఓర్చుకుంటుంది. గబగబా చేరితే 200 మిల్లీలీటర్లకే గుండె విచ్చుకోలేక, నిండలేక సతమతమవుతుంది. ఊపిరాడదు, మెడ నరాలు ఉబ్బుతాయి, బీపీ పడిపోతుంది. అప్పుడు ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే నీటి మాత్ర వేస్తే గుండెకు చేరే ఆ కాస్త రక్తమూ తగ్గుతుంది. సూదితోనో, చిన్న ఆపరేషన్‌తోనో నీరు తీయడమే దారి. మళ్లీ ఊరిందా? ఇల్లు కురుస్తుంటే కింద పెట్టిన గిన్నెను తిడతామా? కప్పు చూడాలి. క్షయ, థైరాయిడ్, కిడ్నీలు, క్యాన్సర్, అన్నీ వెతకాలి. ఏదీ తేలకపోతే గుండెలోనే గడ్డ ఉందేమో కూడా చూడాలి. తీసిన నీటిలో క్యాన్సర్ కణాలు లేవంటే గడ్డే లేదని కాదు. ఎకోలో దొరకనిది సీటీలోనో ఎమ్మారైలోనో బయటపడవచ్చు.

"గుండెకు గడ్డలు రావు" అన్నది నాలుగో సూత్రం. ఈ మహావైద్యుడు గుండెనే అడిగి తెలుసుకున్నాడు కాబోలు! అరుదేగానీ వస్తాయి. గుండెలోనే పుట్టేవాటిలో సుమారు ముప్పాతిక వంతు క్యాన్సర్ కానివి. వాటిలో పెద్దల్లో ఎక్కువ కనిపించేది మిక్సోమా అనే గడ్డ. రక్తనాళాలే ముద్దగా పెరిగే హీమాంజియోమా అంతకన్నా అరుదు. గుండె చుట్టూ పదే పదే నీరో నెత్తురో చేరడానికి కొందరిలో కారణం అదే.

ఐదోది, "క్యాన్సర్ కాకపోతే వదిలేయండి." ఇందులో రవ్వంత నిజముందని ఒప్పుకుంటాను. పెరగకుండా ఆగిపోయిన హీమాంజియోమాలున్నాయి, వాటంతటవే కుంచించుకుపోయినవీ ఉన్నాయి. ఏది ఏ దారి పడుతుందో మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇబ్బంది పెట్టనిదైతే స్కాన్లతో కనిపెట్టుకుని ఉండొచ్చేమో. నీరు ఊరిస్తూనే ఉన్నదాన్ని, తీయడానికి వీలుంటే, ఆపరేషన్ చేసి తీసేయాలి.

చివర్లో "పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండి" అని కూడా ఉంది. మావాళ్లు కట్టుకున్నారు, నాలుగుసార్లు.