మహారాజశ్రీ గోడలోని లీకు గారికి

మహారాజశ్రీ స్నానాలగది గోడలో కొలువైన లీకు గారి సముఖమునకు, విజయనగరం నుంచి ఒక గృహస్థు చేయు విన్నపం. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. కుశలం ఒక్క పక్షానిదే, అది తమరిది. మా పక్షాన ఇల్లంతా సిమెంటు దుమ్ము, బకెట్టు స్నానాలు, పక్కింటివారి పరామర్శలు.

ఈ మధ్యాహ్నం తమరి దర్శనార్థం గోడ పగలగొట్టించాం. పడకగదిలో బీరువా వెనక చెమ్మ ఎక్కడ నల్లగా దిగిందో, సరిగ్గా దానికి అవతలివైపు స్నానాలగదిలో ప్లంబరు పెన్సిలుతో గీత గీశాడు. కటింగు మిషను పెట్టాడు. టైల్సు లేచాయి, వాటి వెనక సిమెంటు రాలింది, దాని వెనక పైపు బయటపడింది. పొడిగా ఉంది. మామూలు పొడి కాదు, వేలితో రాస్తే దుమ్ము అంటేంత పొడి. అతను పైపును చూశాడు, నన్ను చూశాడు, "ఇక్కడ లేదు మాస్టారూ" అన్నాడు. ఆ మాత్రం నాకూ కనిపిస్తూనే ఉంది. తర్వాత భోజనానికి వెళ్లాడు. ఆకలికి ఎవరినీ తప్పుపట్టలేం కాని, ఆ భోజనం సాయంత్రం దాకా సాగింది.

తమరు కారుతున్నారని కాదు నా బాధ. నీరన్నాక కారుతుంది. కారేది ఒకచోట, మరక వేసేది ఇంకోచోట, ఇదేం మర్యాద అని అడుగుతున్నాను. పైపు ఎక్కడో పగులుతుంది. ఆ నీరు గోడలో పైపు కోసం కొట్టిన గాడి వెంట, పైపు ఒంటినే పట్టుకుని జారుతుంది. మలుపు దగ్గర దిగి, టైల్సు వెనక సిమెంటు సరిగా పట్టని ఖాళీల్లో కూర్చుంటుంది. అక్కడి నుంచి ఇటుక తాగుతుంది. ఇటుక తాగిన నీరు పక్కకు పాకుతుంది, కిందికి దిగుతుంది, అక్కడితో ఆగకుండా పైకి కూడా ఎక్కుతుంది. ఎక్కినంత మేరా గోడలోని ఉప్పును బయటికి తెచ్చి తెల్లగా పూస్తుంది, రంగును పొక్కులు లేపుతుంది. ఇంతా చేసి మేం చూసే మరక తమరి ప్రయాణంలో చివరి మజిలీ మాత్రమే. అక్కడ తవ్వడమంటే, దొంగ సొత్తు అమ్మిన దుకాణం ముందు నిలబడి దొంగ ఇల్లు ఇదేనని తలుపు బాదడం.

మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి పండుగలో ఊరేగించే సిరిమాను ఏ తోటలో ఏ చింతచెట్టో ఏటా పూజారికి కలలో అమ్మే చెబుతుందని నమ్మకం. అంత పెద్ద మాను జాడ కలలో తెలిసే ఊరు మాది. అరచెయ్యి వెడల్పు లేని గాడిలో ముప్పావు అంగుళం పైపు ఎటు వెళ్లిందో మాత్రం ఎవరికీ తెలియదు. కలలోకి రాకపోతే పోయె, కాగితం మీదికి కూడా రాలేదు.

తెలిసిన మనిషి ఒకడుండేవాడు. ఇల్లు కట్టేటప్పుడు, గోడలకు పూత వెయ్యకముందు, పైపుల దారి ఒక కాగితం మీద గీసిమ్మని అడిగితే కాంట్రాక్టరు నవ్వాడు. "కాగితం ఎందుకండీ, అంతా నా బుర్రలో ఉంది" అన్నాడు. ఆ బుర్ర ఇప్పుడు విశాఖపట్నంలో అపార్టుమెంట్లు కడుతోంది, ఫోను ఎత్తడం లేదు. గృహప్రవేశంనాడు ఇంట్లోకి నడిపించిన ఆవుకు మాత్రం నాలుగు వైపుల నుంచీ ఫొటోలున్నాయి. దాని తోక ఎటు తిరిగిందో ఈరోజుకీ చెప్పగలం.

మా తాతగారి ఇంట్లో ఇనుప పైపులు గోడ మీదే ఉండేవి. తుప్పు పట్టి, ఎర్రగా, చూడ్డానికి అసహ్యంగా ఉండేవి, నిజమే. కారితే కారినచోటే కారేవి. గుడ్డపీలిక చుట్టి, మేస్త్రీ వచ్చేదాకా కింద చెంబు పెట్టేవారు. ఇప్పుడు అందం కోసం పైపును గోడలో పూడ్చి, పూడ్చినచోటు మరిచి, దాని మీద కొంగల బొమ్మలున్న టైల్సు అంటించుకున్నాం. అన్నట్టు, ఆ కొంగల డిజైను ఆగిపోయిందట. దుకాణదారు చేపలున్నవి ఇస్తానన్నాడు. కొంగల మధ్య చేపలు పెడితే వాటి గతేమవుతుందో అతనే ఆలోచించుకోవాలి.

తమరి పట్టుదలకు తగినట్టు పరీక్షలు కూడా పెట్టించారు. స్నానాలగదికి తాళం వేసి వాడకం మానేస్తే చెమ్మ తగ్గిందా, తప్పు నీళ్లు పోయే జాలీ కిందో, టైల్సు సందుల్లోనో ఉన్నట్టు. వాడకపోయినా పెరిగిందా, ఎప్పుడూ నీరు నిండి ఉండే పైపుది. పెరిగింది. ఫ్లష్ ట్యాంకులో మిఠాయిరంగు కలిపి, నొక్కకుండా వదిలి, కింద రంగు దిగుతుందేమో చూశాం. దిగలేదు, ఆ ట్యాంకు నిర్దోషి. మా కుళాయికి మీటరు లేదు. ఉంటే కుళాయిలన్నీ కట్టేసి ముల్లు తిరుగుతుందో లేదో చూసేవాళ్లం. రాత్రి మేడ మీది ట్యాంకులో కర్ర దించి గుర్తు పెట్టుకుందామంటే, తమరిలాంటి నిదానస్థులకు అదీ చాలదు. తెల్లవారేసరికి తగ్గిందో, తగ్గిందని మనం అనుకుంటున్నామో తేలదు.

నిదానం అన్నాను కాని, లెక్క వేస్తే ఒళ్లు మండుతోంది. సెకనుకు ఒక్క చుక్క. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు నాలుగు లీటర్ల పైన, ఏడాదికి 1,500 లీటర్ల పైన. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటిన్నర. చంపావతి నుంచి ఊరికి వచ్చి, కుళాయి వచ్చే ఆ కాస్సేపట్లో సంపులోకి పట్టి, కరెంటు ఖర్చుపెట్టి మోటారుతో మేడెక్కించిన నీళ్లవి. వాటిని ఇటుకలకు తాగిస్తున్నారు తమరు.

ఇక సలహాదారులు. రంగులు వేసేవాడు చెమ్మను ఆపే రంగొకటి ఉందన్నాడు, వేశాడు. పై వాన ఆపే రంగు లోపలి ఊటను ఎలా ఆపుతుంది? మూడో నెలకు పొర పొరంతా అప్పడంలా లేచివచ్చింది. వాస్తు తెలిసిన బంధువు ఈశాన్యం బరువైందన్నారు. 1713లో మా ఊరి కోట కట్టించినప్పుడు పూసపాటి రాజులు విజయ నామ సంవత్సరం, విజయదశమి, అందులోనూ జయవారమని మంగళవారం చూసి మరీ ముహూర్తం పెట్టారని చెబుతారు. చుట్టూ కందకంలో నీళ్లు పెట్టుకుని కూడా ఆ రాతిగోడలు నిలిచాయి. మా ఇంటికీ ముహూర్తం బాగానే పెట్టారు. కాకపోతే కందకాన్ని గోడలోపలే తవ్వారు.

అయినా నీతో నాకు మర్యాద ఏమిటి? విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు, ఆ పడకగదిలోనే పడుకుంటారు. నిన్ను రేపే పట్టుకున్నా, తాగిన గోడ ఆరడానికి వారాలు పడుతుంది. ఆరకుండా రంగు వేస్తే మళ్లీ పొక్కుతుంది. ఆరుతున్నంతకాలం మరక అలాగే ఉంటుంది కాబట్టి, నువ్వు నిజంగా పోయావో, ఇంకా లోపలే ఉన్నావో తెలియక నేను రోజూ పొద్దున్నే లేచి గోడకు చెయ్యి ఆనించి చూసుకోవాలి. జ్వరమొచ్చిన పిల్లలకు కూడా ఇంతగా చూడలేదు. సిగ్గుందా నీకు? కారేదానివి బుద్ధిగా కుళాయి కిందే కారవచ్చుగా? అందరికీ కనిపించేలా, బకెట్టు పెట్టుకునేలా, ఒక వాషరుతో పోయేలా? ఇంట్లో ఉండి, ఇంటి నీళ్లు తాగి, ఇంటిగోడనే తినేవాళ్లను ఏమంటారో నేను రాయను, పిల్లలు చదువుతారు.

ఒక్క మాట మాత్రం విను. సాయంత్రం భోజనం ముగించుకుని వచ్చిన ప్లంబరు ఉత్తచేతులతో రాలేదు. చేతితో కొట్టే ప్రెషరు పంపు తెచ్చాడు. ఈ పంపు మధ్యాహ్నమే ఎందుకు రాలేదని అడిగితే, "అడగలేదు కదండీ" అన్నాడు. ఆ లెక్క అతనితో తర్వాత తేల్చుకుంటాను. కుళాయిల చోట్లన్నీ బిరడాలు బిగించి, చన్నీళ్ల లైనులో నీటి ఒత్తిడి ఎక్కించి వదిలాడు. పంపు మీద ఒత్తిడి చూపే ముల్లు నిలిచింది, అరగంటైనా చలించలేదు. తర్వాత గీజరు నుంచి వచ్చే వేడినీళ్ల లైను. ముల్లు ఎక్కినట్టే ఎక్కి, మా అందరి కళ్ల ముందే కిందికి జారడం మొదలుపెట్టింది. ఆ జారుడు చూసినప్పుడు కలిగిన ఆనందం నాకు పిల్లవాడి పరీక్ష ఫలితాలప్పుడు కూడా కలగలేదు.

దొరికావు. గీజరుకూ, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే మిక్సరు కుళాయికీ మధ్య, ఆ ఆరడుగుల్లో ఎక్కడో ఉన్నావు. ప్లంబరు అనుమానం మిక్సరు వెనక ఎల్బో మీద, అంటే పైపును మలుపు తిప్పే ముక్క మీద. ప్లాస్టిక్ మరలోకి ఇత్తడి మరను తెల్లటి టేపు మందంగా చుట్టి, బలమంతా పెట్టి బిగిస్తే వెంటనే ఏమీ కాదట. వెంట్రుకవాసి చీలిక పడి, వేడికీ చల్లదనానికీ సాగుతూ ముడుచుకుంటూ, ఏళ్ల తర్వాత బయటపడుతుందట. అంటే గృహప్రవేశంనాడు మేం పాలు పొంగిస్తున్నప్పుడు నువ్వు అప్పటికే లోపల ఉన్నావన్నమాట. బీరువా వెనక మరక నీ నుంచి ఎంత దూరమో చూశావా? గది ఆ మూల నుంచి ఈ మూలకు! ఎంత ఓపిక నీకు! అంత దారి, అంత చీకట్లో, ఒక్కొక్క చుక్కగా. పనిలో పెట్టుకునే మనిషివైతే కాంట్రాక్టరు స్థానంలో నిన్నే పెట్టుకునేవాణ్ణి.

రేపు తొమ్మిదికి వస్తానన్నాడు. తొమ్మిది అంటే పదకొండు అనుకో. మిక్సరు విప్పుతాడు, కొంగల్లో ఇంకో రెండు పోతాయి, పోనీ. అంతవరకూ నిన్ను కోరేది ఒక్కటే. ఇన్నాళ్లూ తిరిగింది చాలు, ఈ ఒక్క రాత్రికి ఉన్నచోటే ఉండు.

ఇట్లు,
గోడకు సొంతదారు