మెదడులో తెల్లమచ్చలు: కనెక్టివిటీ మ్యాపును ఎంతవరకు నమ్మాలి?

తలనొప్పి అనో, కళ్లు తిరుగుతున్నాయనో పెద్దవాళ్లకు ఎంఆర్ఐ తీయిస్తే రిపోర్టులో 'వైట్ మేటర్‌లో మచ్చలు' అన్న మాట కనబడటం మామూలే. ఆ ఒక్క ముక్క చదవగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ల వయసున్న వెయ్యిమందికి పైగా స్కాన్ చేసి చూస్తే, ఒక్క మచ్చ కూడా లేనివారు 5 శాతమే. కాబట్టి మచ్చ ఉందన్న ఒక్క మాటతో తేలేది చాలా తక్కువ.

ఫ్లెయిర్ అనే ఎంఆర్ఐ పద్ధతిలో తీసిన చిత్రంలో మెదడు నడుమ ఉండే నీటి గదులు నల్లగా కనిపిస్తాయి. వాటి కొమ్ములకు టోపీ పెట్టినట్టు తెల్లటి మచ్చలు, కాస్త దూరంగా చుక్కలు చుక్కలుగా మరికొన్ని. 1987లో ఫజెకాస్ బృందం వీటికి 0 నుంచి 3 వరకు గ్రేడ్లు పెట్టింది. ఇప్పటికీ విరివిగా వాడుతున్నది అదే. మచ్చ ఎంత మేర పాకిందో ఆ గ్రేడు చెబుతుంది కానీ, ఏ దారి మీద పడిందో చెప్పదు. నా అభ్యంతరం అక్కడే. వైట్ మేటర్ అంటే మైలిన్ అనే కొవ్వు తొడుగున్న నరాల పోగుల కట్టలు. బీపీ వల్ల సన్నటి రక్తనాళాలు పాడైతే ఆ తొడుగు దెబ్బతింటుంది, కబురు నెమ్మదిగా చేరుతుంది. మెదడు ముందుభాగాన్ని, లోపల కబుర్లు అందించే కూడలి లాంటి థాలమస్‌తో కలిపే కట్ట మీద చిన్న మచ్చ పడినా ఆలోచన వేగం తగ్గొచ్చు. మరోచోట అంతకన్నా పెద్దది పడినా మనిషిలో తేడా తెలియకపోవచ్చు.

ఈ లోటు తీర్చడానికే ఫంక్షనల్ కనెక్టివిటీని, అంటే మెదడు భాగాలు ఎంతగా కలిసి పనిచేస్తున్నాయో ఫంక్షనల్ ఎంఆర్ఐ స్కాన్‌తో చూసే కొలతను, ముందుకు తెచ్చారు. 1995లో భరత్ బిస్వాల్ బృందం ఒక సంగతి గమనించింది. ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నవారిలో కూడా, చేతుల్ని కదిలించే కుడి, ఎడమ భాగాల్లో సిగ్నల్ ఒకే లయలో పెరిగి తగ్గుతోంది. రెండు చోట్ల లయ కలిస్తే వాటి మధ్య కనెక్టివిటీ ఉందంటారు. మచ్చలు ఎక్కువున్నవారిలో ఈ లయ చెదిరిందని చాలా అధ్యయనాలు చెప్పాయి. పెరిగిందని చెప్పినవీ ఉన్నాయి. తగ్గితే దెబ్బ, పెరిగితే సర్దుబాటు అని రెండింటికీ జవాబు సిద్ధంగా పెట్టుకుంటే ఇక తేలేదేముంది? జ్ఞాపకశక్తి, నడక, పని వేగం కూడా దాంతో పోల్చి చూస్తేనే ఆ మాటకు విలువ.

పైగా లయ కలవడానికి నేరుగా దారి ఉండాలన్న నియమం లేదు. మెదడు రెండు సగాలను కలిపే పెద్ద వంతెన కార్పస్ కలోసమ్. అది పుట్టుకతోనే లేని పెద్దవాళ్లను 2011లో పరీక్షిస్తే, రెండు పక్కల లయ దాదాపు మామూలుగానే ఉంది. అంతకుముందు 2008లో, ఆపరేషన్‌లో ఆ వంతెనను పూర్తిగా కత్తిరించిన ఆరేళ్ల బిడ్డలో మాత్రం ఆ లయ బాగా పడిపోయింది. మొదటి నుంచీ లేకపోతే మెదడు వేరే దారి వెతుక్కుంటుంది, ఉన్నట్టుండి తెగితే తడబడుతుందని నాకు అర్థమైంది. మచ్చలు ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతాయి కాబట్టి ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కొలబద్దలోనే ఉంది. ఈ ఫంక్షనల్ ఎంఆర్ఐ స్కాన్ నరాల పనిని నేరుగా చూడదు, రక్తంలో ఆక్సిజన్ మార్పును చూస్తుంది. తెల్లమచ్చలేమో చాలావరకు రక్తనాళాల జబ్బు. నాళం సరిగా స్పందించకపోతే నరాలు బాగానే పనిచేస్తున్నా సిగ్నల్ తగ్గొచ్చు. తల కాస్త కదిలినా లెక్క మారుతుంది. పదిమంది సగటును ఇంకో పదిమంది సగటుతో పోల్చడానికి ఇది గొప్ప సాధనమే. ఒక్క మనిషి చేతిలో ఈ లయలను బట్టి గీసిన కనెక్టివిటీ మ్యాపు పెట్టి 'మీ మెదడులో లింకులు తెగాయి' అనడం మాత్రం అన్యాయం. ఆ మాట విన్నవారికి నిద్ర పడుతుందా?

బీపీ విషయంలో ఇంత అయోమయం లేదు. అమెరికాలో జరిగిన స్ప్రింట్ మైండ్ పరిశోధన ఫలితం 2019లో వచ్చింది. పై బీపీని 120 లోపు ఉంచాలని మందులిచ్చినవారిలో సుమారు నాలుగేళ్లలో మచ్చలు 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగాయి, 140 లోపు చాలనుకున్నవారిలో 1.45. తేడా చిన్నదే. అయినా, ఎంతవరకు దించాలన్నది ఎవరికి వారు డాక్టర్‌తో తేల్చుకోవలసిందే అయినా, రిపోర్టు పట్టుకుని వచ్చినవారితో మొదట మాట్లాడాల్సింది ఈ బీపీ గురించే.