ఫోన్ ఇవ్వండి, బ్రెయిలీ పలక మాత్రం లాక్కోకండి

ఈ మధ్య మన టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఏఐ వచ్చేసింది. చూపు లేని పిల్లలకు ఇక బ్రెయిలీ అక్కర్లేదు, ఫోనే చదివి పెడుతుంది. వినపడని పిల్లలకు సైగల భాష అక్కర్లేదు, మాటలు తెర మీద కనిపిస్తాయి. ప్రత్యేక టీచర్ల జీతాలు దండగ. ఒక ఫోన్ చాలు" అని. నెల్లూరు జిల్లాలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పిల్లలతో పనిచేసే నాకు ఇది చదివి ఊరుకోబుద్ధి కాలేదు. తల్లిదండ్రులు కూడా నిజమేనా అని అడుగుతున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ఫోన్ చదివి పెడుతుందన్నది నిజమే. ఫోన్ తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ తెలుగు చదువుతుంది, కంప్యూటర్లో అదే పని చేసే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, అచ్చు పేజీని ఫొటో తీస్తే అక్షరాలు గుర్తుపట్టి వినిపించే యాప్‌లు ఉన్నాయి. మా పిల్లలకు వీటివల్ల మేలే జరిగింది. కానీ వాటికి మనం ఏం ఇస్తున్నాం? స్టడీ మెటీరియల్, మోడల్ పేపర్లు చాలావరకు డీటీపీ సెంటర్లలో "అను" అనే ఫాంట్లతో కొట్టించినవి. కంటికి చక్కటి తెలుగే కనిపిస్తుంది. లోపల మాత్రం అవి ఏ ఫోనైనా, కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ తెలుగు ఆకారం తొడిగినవి. ఆ పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్‌కు ఇస్తే పాఠం బదులు డాలర్, బ్రాకెట్, కామా అంటూ పోతుంది. పేజీని ఫొటోగా మార్చి చదివిస్తే ఒత్తులు తప్పుతాయి, లెక్కల్లో పది స్క్వేర్ కాస్తా నూట రెండు అవుతుంది.

బొమ్మల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సైన్సు పుస్తకంలో గుండె పటం చూడండి. మనకు కుడివైపు కనిపించేది గుండె ఎడమ భాగం. బొమ్మను వర్ణించే ఏఐ ఇలాంటి చోట కుడి ఎడమలు తారుమారు చేసినా దాని గొంతులో తడబాటు ఉండదు. చూపున్న పిల్లలు బొమ్మతో సరిచూసుకుంటారు, చూపు లేని పాప దేనితో సరిచూసుకోవాలి? పెన్నా నది పాఠానికి మేం అట్ట మీద దారం అంటించి, సోమశిల డ్యాం దగ్గర ఒక గుండీ, నెల్లూరు దగ్గర ఇంకో గుండీ పెట్టి ఇస్తాం. ఒక పాప దారం వెంట సముద్రం దాకా వేలు పోనిచ్చి, మళ్లీ వెనక్కి వచ్చి, "ఆ పై గుండీ కాడ నీళ్లు ఆపితేనే మన కాలవకొస్తాయా మేడం?" అని అడిగింది.

బ్రెయిలీ అక్కర్లేదన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వింటే పాఠం తెలుస్తుంది, రాత రాదు. "భాష" అని వింటే మొదటి అక్షరానికి ఒత్తు ఉందో లేదో, రెండోది ష అవునో కాదో చెవికి సరిగా అందదు. మూడు వరుసల సమీకరణాన్ని విని గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా కష్టమే, అదే వేలి కింద ఉంటే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఆరు చుక్కలతో నడిచే భారతి బ్రెయిలీ 1951 నుంచి మన భాషలన్నిటికీ ఉంది. దానికి చార్జింగ్ అక్కర్లేదు. పరీక్షల్లో జవాబులు చెబితే రాసిపెట్టే స్క్రైబ్ ఉంటారు కదా అంటారేమో, ఆయన పరీక్ష అయ్యేదాకే ఉంటాడు. పైగా యూనికోడ్ పాఠాన్ని నిమిషాల్లో బ్రెయిలీలోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది. టెక్నాలజీని అలా వాడదాం.

ఇక తెర మీద మాటలు. పుట్టుకతో వినపడని బిడ్డకు తెలుగు చెవి ద్వారా రాలేదు. చదవడం రాని బిడ్డకు తెర మీద ఎన్ని అక్షరాలు వచ్చి ఏం లాభం? ముందు మనసులో ఒక భాష నిలబడాలి, దానికి సైగల భాషే దారి. దానికి సొంత వ్యాకరణం ఉంది, కనుబొమ్మ ఎగరేయడం కూడా అందులో భాగమే. చదవడం వచ్చిన పెద్ద పిల్లలకు ఈ యాప్‌లు బాగానే పనికొస్తాయి. అయితే ఫ్యాను మోత, నలభై మంది గోల, బోర్డు వైపు తిరిగి మాట్లాడే సారు, మధ్యలో "యాడ చూస్తుండావురా" లాంటి మన నెల్లూరు మాటలు, వీటన్నిటి మధ్య తెర మీదికి ఏమొస్తుందో ఒకసారి మీ క్లాసులోనే పెట్టి చూడండి.

ప్రత్యేక టీచర్లు దండగ అనేవాళ్లు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ చదవాలి. బ్రెయిలీ, సైగల భాష వచ్చిన టీచర్లకు శిక్షణ ఇచ్చి నియమించాలని అందులోనే ఉంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) వల్ల మాట స్పష్టంగా రాని పిల్లవాడి మాట ఫోన్‌కు సరిగా అర్థం కాదు, రోజూ వినే టీచర్‌కు అర్థమవుతుంది. ఆ యాప్ పెట్టి, నేర్పి, తప్పు చదివితే పట్టుకునేది కూడా ఆ టీచరే. ఒక ఫోన్ చాలన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు, చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో పనికి వెళ్లిపోతుంది.

హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. ఈసారి మోడల్ పేపర్లు యూనికోడ్‌లో టైపు చేయించండి. ప్రింటుతో పాటు ఆ ఫైలును పరీక్షకు వారం ముందే మీ మండల భవిత కేంద్రానికి పంపండి. బ్రెయిలీలోకి మార్చి పిల్లల చేతికి ఇచ్చే పని మేం చూసుకుంటాం.