కుమ్మక్కు అన్నందుకు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగు. ఇరవై రెండు రోజులు మూలపడ్డ లిఫ్టు ఎట్టకేలకు కదిలింది కాబట్టి సెక్రటరీ గారికి శాలువా, నాకు మైకు. "మీకు తెలుగు బాగా వచ్చు కదండీ, రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. తెలుగు బాగా వచ్చినవాడికి మన ఊళ్లలో దొరికే పనులు రెండే: పెళ్లిపత్రికలో తప్పులు దిద్దడం, వందన సమర్పణ చెయ్యడం. రెండింటికీ డబ్బులివ్వరు.

ఆ రెండు ముక్కలూ ముందు రోజు రాత్రే రాసుకున్నాను. సెక్రటరీ గారికి ట్రెజరర్ గారు సాయపడ్డారు అన్న వాక్యం దగ్గర కలం ఆగింది. 'సాయం' మరీ చప్పగా ఉంది. 'ఆసరా' అంటే పింఛను గుర్తొస్తుంది. 'చేయూత' అన్నా పథకమే, 'అభయహస్తం' అన్నా పథకమే. ఉన్న మంచి మాటలన్నీ ప్రభుత్వాలు పట్టుకుపోయాక, పక్కింటివాడు పక్కింటివాడికి చేసే ఉపకారాన్ని ఏమని పిలవాలి? ఫోనులో బ్రౌను నిఘంటువు తెరిచాను. 1852లో మద్రాసులో అచ్చయిన పుస్తకం. అందులో దొరికింది: కుమ్మక్కు. అర్థం, సహాయం. ఎంత బావుందో అనుకున్నాను. అప్పుడే నిద్రపోయి ఉండాల్సింది.

"ట్రెజరర్ గారి కుమ్మక్కుతో సెక్రటరీ గారు లక్షా ఎనభై వేలు ఖర్చుపెట్టి మన లిఫ్టు బాగు చేయించారు" అన్నాను మైకులో.

నిశ్శబ్దం. సమోసాల పళ్లెం పట్టుకున్న కుర్రాడు నడక మధ్యలో ఆగిపోయాడు. మీటింగు మొదలైనప్పట్నుంచీ ఫోనులోంచి తల ఎత్తని 402 ఆంటీ తల ఎత్తారు. వెనక వరసలో నిద్రపోతున్న పెద్దాయన్ని ఆయన భార్య మోచేత్తో పొడిచి లేపింది, ఇలాంటివి మళ్లీ మళ్లీ రావని కాబోలు. సెక్రటరీ గారికి శాలువా అప్పుడే కప్పుతున్నారు. కప్పే చేతులు సగంలో ఆగాయి. ఆయనకు ఒక భుజం మీద సన్మానం, ఇంకో భుజం మీద నింద. ట్రెజరర్ గారు ఆడిట్‌లో రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్లపాటు ఆ మాటని ఊళ్లోవాళ్ల మీద రాసిన మనిషి. తన మీద వినడం అదే మొదలు.

"ఎవరండీ కుమ్మక్కయింది?" అంటూ లేచారు.

అక్కడ క్షమించమని కూర్చుంటే సరిపోయేది. నేను వివరించడం మొదలుపెట్టాను. ఇది తుర్కీ మాటండీ, పారశీకం మీదుగా మనకొచ్చింది, మొగలు సైన్యంలో కుమక్ అంటే సాయానికి పంపే అదనపు దళం, ఇవాళ్టికీ ఇరాన్‌లో మనిషి నీళ్లలో పడితే 'కొమక్, కొమక్' అనే అరుస్తాడు అన్నాను. "అయితే ఇక్కడ మునిగింది మన డబ్బే కదా!" అని వెనకనుంచి ఎవరో. నవ్వులు. ఆ నవ్వుల్లో సెక్రటరీ గారి నవ్వు లేదు.

'మద్దతు' సంగతి కూడా చెప్పాను. అరబ్బీ 'మదద్' నుంచి వచ్చిన మాట, దానికీ సాయమనే అర్థం. రెండూ ఒకే గుర్రం మీద దిగి ఉంటాయి. ఒకటేమో కనీస మద్దతు ధరలో చేరి పెద్దమనిషైంది, రెండోది పోలీసు కేసుల్లో ఇరుక్కుంది. ఎన్నికలప్పుడు చూడండి, రెండు పార్టీలు చేతులు కలిపితే మనవాళ్లయితే మద్దతు, అవతలివాళ్లయితే కుమ్మక్కు. ఇది చాలా బాగా చెప్పానని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఒక్కరూ వినలేదు. వినపడింది కుమ్మక్కు ఒక్కటే, అదీ మూడోసారి.

304లో ఉండే బళ్లారి కుర్రాడు నాకు సాయం చేద్దామని లేచాడు. "మా కన్నడంలో కూడా ఉంది సార్ ఆ మాట. కుమ్మక్కు అంటే తప్పుడు పనికి ఎగదోయడం" అన్నాడు. నా కొమక్ అలా వచ్చింది.

ఇక మిగిలింది ఏనుగు. 2025 మేలో కర్ణాటక నుంచి ఆంధ్రాకి నాలుగు కుంకీ ఏనుగులు వచ్చాయి గుర్తుందా, చిత్తూరు జిల్లాలో పొలాల మీద పడే అడవి ఏనుగుల్ని మళ్లించడానికి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో పెట్టారు కదా, ఆ కుంకీ కూడా ఈ కుమక్కే, అంటే సాయపడే ఏనుగు అని చెబుతూ, మాట ఊపులో చెయ్యి సెక్రటరీ గారి వైపు చాపాను. మా లిఫ్టులో 'ఆరుగురు, 408 కిలోలు' అని రేకు కొట్టి ఉంటుంది. ఆయన ఎక్కితే మిగతావాళ్లం నలుగురం ఎక్కుతాం. ఈ విషయం అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనూ అనలేదు. చెయ్యి చాపానంతే.

సమోసాలు ఎప్పుడు పంచారో తెలీదు. నాకు రాలేదు.

మర్నాడు వాట్సాప్‌లో మినిట్స్ వచ్చాయి. 'కుమ్మక్కు ఆరోపణ చేసిన సభ్యుడు ఏడు రోజుల్లోగా ఆధారాలు సమర్పించవలెను.' నేను ఆరోపణ చెయ్యలేదని రాస్తే పదకొండు మంది బొటనవేలు పెట్టారు, దేనికి పెట్టారో అర్థం కాలేదు. అన్నట్టు, ఆ లక్షా ఎనభై వేలకి బిల్లు ఇంతవరకూ నేను చూడలేదు. బాగుచేసిన లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఇంకా ఒకసారి ఊగి, ఆలోచించుకునే ఆగుతోంది. అడగడానికి నాకిప్పుడు నోరెక్కడిది?

బ్రౌను నిఘంటువులో ఆ పేజీ జిరాక్సు తీయించి, కుమ్మక్కు కింద గీత గీసి, వాచ్‌మన్‌తో ట్రెజరర్ గారికి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో రాసి ఉంది:

'ఇది 1852 నాటిది. తాజా కొటేషన్లు మూడు జతచేయగలరు.'