ఇంకో వెంకట గారి బాకీ

ఫోన్లో ఎవరైనా "ఈజ్ దిస్ వెంకటా?" అని అడిగితే అవునని చెప్పగలిగే మగాళ్ళు అమెరికా మొత్తం మీద ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ, మా సబ్‌డివిజన్‌లో మెయిల్ బాక్సుల దగ్గర నిలబడి గట్టిగా పిలిస్తే మటుకు తక్కువలో తక్కువ నాలుగు గరాజ్ తలుపులు లేస్తాయి. మన పేర్ల సంగతి తెలిసిందేగా. ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్లో నాలుగు పేర్లు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక గడిలో మిగతావన్నీ ఇంకో గడిలో. ఇక్కడ దిగగానే వీళ్ళు ఆ నాలుగింటిలో మొదటిది పట్టుకుని మిగతా మూడూ గాలికొదిలేస్తారు. మావాళ్ళు కొండకి మొక్కుకుని ముందు తగిలించిన వెంకట, చిన్నప్పట్నుంచీ ఒక్కరంటే ఒక్కరు కూడా నన్ను పిలవని వెంకట, ఇక్కడ నా అసలు పేరైపోయింది. ఇంటిపేరు మాత్రం చెప్పను, అది ఇప్పటికే ఉండాల్సినదానికంటే ఎక్కువమంది దగ్గర ఉంది.

ఓరోజు పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్. ఎనిమిదికి ముందూ రాత్రి తొమ్మిది తర్వాతా చెయ్యకూడదని 1977లో అప్పుల వసూళ్ళ మీద ఒక చట్టం తెచ్చార్లెండి, ఆ చట్టం మనకంటే వసూళ్ళవాళ్ళే శ్రద్ధగా చదువుకున్నారు, అందుకే గడియారం ఎనిమిది చూపించడం ఆలస్యం మోగేది. అవతలాయన భలే మర్యాదస్తుడు.

"వెంకట గారేనా?"

"అవునండీ."

"మీ పుట్టినతేదీ, సోషల్ నంబర్ చివరి నాలుగంకెలు చెప్తారా?"

"ఎందుకండీ?"

"అది మీకు తప్ప ఎవరికీ చెప్పకూడదండీ. మీరు మీరేనని తేలితేనే చెప్తాను."

"పోనీ నేను నేను కాదనుకోండి?"

"అయితే వెంకట గారు ఏ టైంలో దొరుకుతారో కాస్త చెప్పండి."

ఇదీ వరస. సోషల్ అంటే ఇక్కడి ఆధార్ లాంటిదన్నమాట. ఆయన విషయం చెప్పడు, నేను నంబర్ చెప్పను, ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం హ్యావ్ ఎ నైస్ డే చెప్పుకుని పెట్టేసేవాళ్ళం. 2021 చివర్లో ఇంకో రూల్ వచ్చిందట, ఒక బాకీ గురించి ఏడు రోజుల్లో ఏడు కాల్స్ దాటితే రూల్ తప్పినట్టే లెక్క, పైగా ఒకసారి మాట్లాడాక మళ్ళీ వారం దాకా చెయ్యకూడదు. ఇది తెలిశాక నేను వారానికోసారి ఫోనెత్తి, కుశలం అడిగి, వారం రోజుల ప్రశాంతత కొనుక్కునేవాణ్ణి. ఏడు కాల్స్ అయిపోయిన వారాల్లో ఎనిమిదోది వస్తే బావుణ్ణు, కేసు పడేద్దాం అని కూడా కూర్చున్నా. రాలేదు. ఆయనకి లెక్కలొచ్చు.

చివరికి ఉత్తరం వచ్చింది. ఫలానా క్రెడిట్ కార్డు మీద మీరు 4,318 డాలర్లు బాకీ, బ్యాంకు ఈ బాకీని మాకు అమ్మేసింది, 30 రోజుల్లో మీరు కాదనకపోతే ఇది నిజమనే అనుకుంటాం అని. ఆ కార్డు నేను ఎప్పుడూ తీసుకోలేదు, ఆ బ్యాంకు గుమ్మం కూడా తొక్కలేదు. నాకు నచ్చనిది ఇంకోటుంది. ఇలాంటి పాత బాకీలు కొనుక్కునే కంపెనీలు డాలరుకి సగటున నాలుగు సెంట్లు పెట్టి కొంటున్నాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ళు 2013లో లెక్క తేల్చారు. ఆ లెక్కన నన్ను ఇంత క్షోభ పెట్టడానికి వాళ్ళకైన ఖర్చు నూట డెబ్భై డాలర్ల చిల్లర. ఆ మాత్రం నన్నడిగితే నేనే కొనుక్కునేవాణ్ణి కదా.

సరే, ఈ బాకీ నాది కాదు, ఉంటే రుజువు చూపించండి అని తిరిగి రాశా. అదే కొంప ముంచింది. రుజువు పంపారు. కార్డు పాత స్టేట్‌మెంట్లు, వరసగా, నెలవారీగా. కవరు మా ఆవిడ చేతికి దొరికింది.

"ఏవండీ, ఈ రిక్లైనర్ ఎక్కడుంది?"

"ఏ రిక్లైనర్?"

"899 డాలర్లు పెట్టి కొన్నారుగా, లెదర్ అట. నేను సోఫా మారుద్దామంటే రెండేళ్ళుగా డబ్బుల్లేవంటున్నారు."

"అది నేను కాదే, ఇంకో వెంకట."

"గిటార్ కూడా ఇంకో వెంకటేనా?"

"నాకు గిటార్ వచ్చా అసలు?"

"రాదు కాబట్టే కొని దాచారేమో."

ఇంతవరకూ నవ్వుతూనే అడిగింది, పేజీ తిప్పాక నవ్వు ఆగిపోయింది. జూన్ నెల, ఏదో స్పా, కపుల్స్ మసాజ్, ఇద్దరికి. "ఇద్దరికి" అన్నచోట వేలు పెట్టి, "ఇందులో నేనెప్పుడొచ్చానండీ?" అంది. చూడండి, దేశంలో ఉన్న కలెక్షన్ ఏజెన్సీలన్నీ ఒక్కటై ఫోన్ చేసినా మర్యాదగా సమాధానం చెప్పగలను గానీ ఈ ప్రశ్నకి నా దగ్గర ఏ చట్టమూ లేదు. ఆ నెల మేము ఇండియాలో ఉన్నట్టు బోర్డింగ్ పాస్‌లు వెతికి చూపిస్తే గానీ అన్నం పెట్టలేదు. ఆ బోర్డింగ్ పాస్‌లే ఏజెన్సీకి కూడా పంపుదామనుకున్నా గానీ వాళ్ళు మా ఆవిడంత తొందరగా కన్విన్స్ అయ్యే రకం కాదు.

ఈలోగా మా బావమరిది సలహా. "బావా, ఎందుకొచ్చిన గోల, ఓ యాభై డాలర్లు మొహాన కొట్టు, నోరు మూతపడుద్ది." మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు లాంటి ఒకాయన ఉన్నారు, ఇన్సూరెన్స్ దగ్గర్నుంచి స్పీడింగ్ టికెట్ దాకా ఏదొచ్చినా ఆయనకే ఫోన్ చేస్తాం, ఆయన ఈ మాట విని దాదాపు అరిచారు. పాత బాకీ మీద కోర్టుకెళ్ళడానికి వాళ్ళకో గడువుంటుందట, యాభై కాదు ఐదు డాలర్లు కట్టినా చాలా స్టేట్స్‌లో ఆ గడువు మళ్ళీ మొదట్నుంచి మొదలవుద్దట. "పైసా కట్టకు, నోటితో ఏదీ ఒప్పుకోకు, ఏం చెప్పినా కాయితం మీద చెప్పు, ముందు రిపోర్ట్ తెప్పించు" అన్నారు. బావమరిదికి ఆ తర్వాత సలహాల డిపార్ట్‌మెంట్ తీసేశాం.

మన అప్పులూ, వాటిని కట్టిన తీరూ చిట్టా కట్టి క్రెడిట్ రిపోర్టులు రాసే పెద్ద బ్యూరోలు మూడున్నాయి, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌కి వెళ్తే మూడూ వారానికోసారి ఫ్రీగా చూసుకోవచ్చు. ఫ్రీయే గానీ లోపలికెళ్ళాలంటే మనం మనమేనని పరీక్ష రాయాలి. మూడిట్లో ఒకచోట, పేరెందుకులెండి, ఆ పరీక్షలో నేను ఫెయిలయ్యా. "కింది వీధుల్లో మీరు ఎక్కడ నివసించారు?" అని నాలుగు వీధులిచ్చారు, నాలుగూ నేనెప్పుడూ వినలేదు, నిజాయితీగా "ఏదీ కాదు" అని కొట్టా. "మీ కారు లోన్ నెలకి ఎంత?" నాకు కారు లోనే లేదు, మళ్ళీ "ఏదీ కాదు". క్షమించండి, మీరు మీరని మేము నమ్మలేకపోతున్నాం అని తలుపేసేశారు. అప్పుడు వెనకనుంచి చూస్తున్న మా ఆవిడ అంది, "మీలాగా కాదండీ, అతన్లాగా రాయండి." తర్వాత మళ్ళీ కూర్చుని, స్టేట్‌మెంట్ల మీదున్న వీధి పేరు పెట్టి, లోన్ ఎంతంటే రిక్లైనర్ కొనే మనిషి ఏ కారు కొంటాడా అని ఆలోచించి ఒకటి కొడితే, వెల్‌కమ్ వెంకట అని తలుపు బార్లా తీశారు. నా రిపోర్టులోకి నేను వెళ్ళాలంటే వాడినై వెళ్ళాల్సొచ్చింది.

లోపల చూస్తే ఏముంది. అప్పిచ్చేవాళ్ళు చూసే నా క్రెడిట్ స్కోరు 780 ఉండాల్సింది 612కి ఎందుకు పడిందో అప్పుడు తెలిసింది. "ఈయనకున్న ఇతర పేర్లు" అని ఒక లిస్టు, అందులో నా ఇంటిపేరు ముందొచ్చిన వెంకట, వెనకొచ్చిన వెంకట, స్పెల్లింగ్ తప్పిన వెంకట, చివర్లో "వెంకట వెంకట" అని ఒకాయన కూడా ఉన్నాడు, ఆయనెవరో ఇప్పటికీ తెలీదు. ఒకే ఫంక్షన్ హాల్లో పైనొక పెళ్ళి కిందొక పెళ్ళి జరిగితే చెప్పుల కుప్పలు కలిసిపోయినట్టు నా అకౌంట్లూ వాడి అకౌంట్లూ కలగాపులగం.

ఎలా కలిశాయా అని పెద్దాయనే విడమర్చారు. సోషల్ నంబర్లో తొమ్మిదంకెలూ కచ్చితంగా కలవాలని ఏం లేదట, కొన్ని అటూ ఇటూ అయినా పేరూ మిగతావీ దగ్గరగా ఉంటే ఒకే మనిషిగా కలిపేస్తుంటారట. పైగా 2011 జూన్ దాకా ఆ నంబర్లు ఇష్టమొచ్చినట్టు ఇచ్చేవాళ్ళు కాదు, మొదటి మూడంకెలూ రాష్ట్రాన్ని బట్టే, తర్వాతవి వరసని బట్టే. మేము వచ్చింది 2008 ఫాల్‌లో, క్యాంపస్ జాబ్ లెటర్లు పట్టుకుని ఒక వ్యాన్ నిండా కుర్రాళ్ళం ఒకే సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ముందు క్యూ కట్టాం. ఆ క్యూలో నా వెనకో ముందో ఇంకో వెంకట ఉండుంటాడు. ఇంక పుట్టినతేదీ అంటారా, అది బళ్ళో చేర్పించేటప్పుడు హెడ్‌మాస్టర్ గారు వేసిన జూలై 1. ఆయన ఒక్క నాకే వేశారా, ఆ తరంలో సగంమంది అదే తేదీన పుట్టేశాం.

ఈ బాకీ నాది కాదని బ్యూరోకి ఫిర్యాదు, అదే డిస్ప్యూట్, పెట్టా. పాస్‌పోర్ట్, లైసెన్స్, కరెంటు బిల్లు అన్నీ అప్‌లోడ్ చేసి, జరిగిందంతా నాలుగు పేజీలు రాశా, మంచి ఇంగ్లీషులోనే రాశా. ఈ నాలుగు పేజీలూ ఎవరూ చదవరని తర్వాత తెలిసింది, దాన్ని ఒక చిన్న కోడ్‌గా మార్చి కంప్యూటర్లో బాకీ ఉందన్నవాళ్ళకే పంపిస్తారు. వెంకట మీకు బాకీయేనా? బాకీయే. సరే అయితే. "విచారించాం, సమాచారం సరైనదేనని తేలింది" అని నాకు జవాబు. దొంగ సంతకం కాదు, మోసం కాదు, ఉత్త బద్ధకం. మీరేం ఒంటరి కాదని పెద్దాయన ఓదార్చారు, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సర్వేలోనే నలుగురిలో ఒకరికి స్కోరుని దెబ్బతీసే అవకాశమున్న తప్పులు కనబడ్డాయట. అంతమంది తోడున్నారంటే ఏడుపు తగ్గుతుందనుకుంటారేమో, తగ్గదు.

ఆయనే ఇంకో కబురు చెప్పారు. ఒరెగాన్‌లో ఒకావిడకి ఇలాగే వేరే ఆవిడ బాకీలు అంటుకుంటే, ఎన్నిసార్లు మొత్తుకున్నా బ్యూరో తియ్యకపోతే, 2013లో జ్యూరీ కోటీ ఎనభై లక్షల డాలర్లకి పైనే ఇవ్వమందట. తర్వాత జడ్జి గారు అందులో శిక్ష కింద వేసిన భాగాన్ని పదహారు లక్షల చిల్లరకి దించారనుకోండి. ఇది విన్న దగ్గర్నుంచీ మా ఆవిడలో గొప్ప మార్పు. ఫోన్ మోగితే విసుక్కోవడం మానేసింది, కాల్స్ డైరీలో రాయడం మొదలెట్టింది, "పోన్లెండి, వాళ్ళని తొందరపెట్టకండి, సరిచెయ్యకపోయినా పర్లేదు" అనడం మొదలెట్టింది. రాత్రిపూట ఇళ్ళ రేట్లు చూడటం కూడా గమనించా.

ఆ ఆశ నిలవలేదు. సర్టిఫైడ్ మెయిల్లో ఉత్తరం వేసి, అందినట్టు ఆకుపచ్చ కార్డు వెనక్కి తెప్పించుకుని, కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో అనే ప్రభుత్వ ఆఫీసులో కూడా కంప్లైంట్ పడేసేసరికి అప్పటిదాకా కోడ్‌లో మాట్లాడినవాళ్ళకి మనుషుల భాష వచ్చేసింది. చట్టం ఇచ్చిన 30 రోజులు ఇంకా కాకముందే బాకీ తీసేశాం, రెండు ఫైళ్ళూ విడగొట్టేశాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని జవాబు. మా ఆవిడ ఆ ఉత్తరం చదివి, "అంతేనా?" అంది, ఎంసెట్‌లో సీటు పోయిన పిల్లాడి తల్లిలా కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

నెల తిరక్కుండానే మా యూనివర్సిటీ వాట్సాప్ గ్రూప్‌లోంచి నంబర్ పట్టుకుని ఎవరో ఫోన్ చేశారు.

"అన్నా, మీరు వెంకటేనా?"

నాకు అలవాటైపోయి, "పుట్టినతేదీ చెప్పండి" అన్నా.

"జూలై 1 అన్నా."

వాడే. పాపం మంచోడిలాగే ఉన్నాడు. ఆ ఏడాది ఉద్యోగం పోయిందట, కార్డు కట్టలేకపోయాడట. "కానీ చిత్రం ఏంటంటే అన్నా, ఒక్కరు కూడా ఫోన్ చెయ్యలేదు. అమెరికాలో ఇంత మంచి బ్యాంకులుంటాయా అనుకున్నా." నేను దిండులో మొహం పెట్టుకుని అరిచి వచ్చి, చెప్పు తమ్ముడూ అన్నా. పక్కనుంచి మా ఆవిడ "రిక్లైనర్ ఉందేమో అడగండి" అని సైగలు. ఉందట, గిటార్ మాత్రం అమ్మేశాడట. స్పా సంగతి మేము అడగలేదు, అది వాళ్ళింటి విషయం.

"సరే గానీ అన్నా, అసలు నేను ఎందుకు చేశానంటే, మొన్న నా రిపోర్ట్ చూసుకుంటే మీ హోమ్ లోన్ నా పేరు మీద ఉంది."

"నా హోమ్ లోనా?"

"అవునన్నా, విడగొట్టేటప్పుడు ఇటొచ్చేసినట్టుంది. మీరు ఒక్క నెల కూడా లేట్ చెయ్యలేదు కదా, నాకు అరవై పాయింట్లు పెరిగాయి. థాంక్స్ అన్నా."

నాకు మాట రాలేదు.

"ఇంకో మూడు నెలల్లో నేను కారు కొందామనుకుంటున్నా, అప్పటిదాకా డిస్ప్యూట్ లాంటివేం పెట్టకన్నా ప్లీజ్. ఈ నెల ఇన్‌స్టాల్‌మెంట్ మాత్రం ఒకటో తారీఖుకల్లా కట్టెయ్యి, లేటయితే నా స్కోరు పడిపోద్ది."